టేకు బూడిదరంగు తిరిగిందని చెక్కని అరగదీయకండి

సంపాదకులు గారికి నమస్కారం,

పోయిన ఆదివారం మీ పేపర్లో పడవల మీద పాతబడ్డ టేకు చెక్కని మళ్ళీ కొత్తగా ఎలా చేసుకోవాలో చెప్తూ ఒక ఆర్టికల్ వేశారు, అది చదివి రెండు రోజులు ఊరుకున్నా గానీ మనసు ఒప్పుకోక ఇది రాస్తున్నా. రాసినాయన మంచి మనసుతోనే రాశారు, అందులో సందేహం లేదు. కానీ బూడిదరంగు వచ్చిన డెక్, అదే పడవ పైన మనం నడిచే చెక్క నేల, అంటే చచ్చిపోయిన చెక్క అని, నీళ్ళు ఒత్తిడితో చిమ్మే ప్రెషర్ వాషర్ పెట్టి కొట్టి, మెషిన్‌తో బంగారు రంగు తేలేదాకా సాండింగ్ చేసి, అంటే గరుకు కాగితంతో అరగదీసి, నెల నెలా నూనె పట్టించమని రాశారు, అది చదివి ఎంతమంది ఈ సెలవుల్లో మెషిన్ పట్టుకుని పడవ ఎక్కుతారో అని నాకు భయంగా ఉంది. ఇరవై ఏళ్ళుగా ఒక పాత తెరచాప పడవని నా చేతులతోనే చూసుకుంటున్నా, ఆయన చెప్పినవన్నీ మొదట్లో నేనూ చేశా, వాటి ఫలితం ఏంటో నాకు బాగా తెలుసు కాబట్టే రాస్తున్నా.

ముందు ఆ బూడిదరంగు సంగతి. అది మనిషికి తల నెరవడం లాంటిది, జబ్బు కాదు. చెక్కలో పోగుల్ని ఒకదానికొకటి పట్టి ఉంచే లిగ్నిన్ అనే పదార్థం ఉంటుంది, ఎండలోని అల్ట్రావయొలెట్ కిరణాలు పైపైన ఉన్న ఆ లిగ్నిన్‌ని విరగ్గొడతాయి, వానా సముద్రం నీళ్ళూ దాన్ని కడుక్కుపోతాయి, మిగిలిన తెల్లటి పోగులే మనకి వెండి రంగులో కనిపిస్తాయి. ఇదంతా మిల్లీమీటర్లో చిన్న భాగం లోతు వరకే జరుగుతుంది, దాని కింద చెక్క నిక్షేపంలా ఉంటుంది. నమ్మకం లేకపోతే ఎవరికీ కనపడని మూల ఎక్కడైనా పదునైన ఉలితో ఒక్క పొర, కాగితం మందాన లేపి చూడండి, లోపల తేనె రంగులో, ముక్కు దగ్గర పెట్టుకుంటే తోలు వాసన లాంటి ఆ టేకు వాసనతో సహా అలాగే ఉంటుంది. అదే చెక్క నిజంగా పుచ్చిపోతే స్క్రూడ్రైవర్ మొన పెట్టి నొక్కగానే మెత్తగా దిగబడుతుంది, ఆ తేడా చేతికే తెలిసిపోతుంది, రంగు చూసి తెలుసుకునేది కాదది.

అసలు టేకుని పడవలకి వాడిందే దానికి ఎవరి సేవా పెద్దగా అక్కర్లేదని. చేవ దేరిన టేకులో నూనె, రబ్బరు లాంటి పదార్థం, సిలికా అన్నీ పుట్టుకతోనే ఉంటాయి, అందుకే చెదలు ముట్టవు, నీళ్ళలో నానినా ఎండలో ఎండినా మిగతా కర్రల్లాగా వంకర్లు తిరగదు. ఆ సిలికా వల్లే ఉలి పదును గంటలో పోతుంది, పని చేసినవాళ్ళకి తెలిసిందే. 1817లో బొంబాయిలో ఓడలు కట్టే వాడియా కుటుంబం యార్డులో మలబార్ టేకుతో కట్టిన ట్రింకోమలీ అనే యుద్ధనౌక ఇవాళ్టికీ ఇంగ్లండ్‌లో హార్ట్‌లీపూల్ రేవులో నీళ్ళ మీద తేలుతూనే ఉంది. 1869లో నీళ్ళలోకి దిగిన కట్టీ సార్క్ అనే ఓడకి ఇనప చట్రం మీద పై భాగం పలకలు టేకువే. ఇంత ఆయుష్షున్న కర్రని మనం ఇరవై ఏళ్ళకే అరగదీసి పారేస్తే ఆ తప్పు కర్రది ఎలా అవుతుంది?

ఇప్పుడు సాండింగ్ లెక్క చెప్తా. డెక్ మీద టేకు పలకలు కొత్తప్పుడు పది పన్నెండు మిల్లీమీటర్ల మందం ఉంటే గొప్ప, ఈ మధ్య కట్టినవాటిలో ఇంకా పల్చగా ఉంటున్నాయి. పాత పద్ధతిలో ఆ పలకల్ని కిందకి స్క్రూలతో బిగిస్తారు, స్క్రూ తల మీద గుంటలో టేకుదే చిన్న బిరడా కొడతారు, పైనుంచి చూస్తే గుండ్రటి చుక్కల్లా కనిపిస్తాయి చూశారా, అవే. పది మిల్లీమీటర్ల పలకలో ఆ బిరడా లోతు అయిదు మిల్లీమీటర్లు అనుకుందాం. ఏటా ఒకసారి సాండింగ్‌కి అర మిల్లీమీటరు పోయినా నాలుగేళ్ళకి మిగిలేది మూడు, ఇంకో రెండేళ్ళకి రెండు. మనుషులు నడిచి అరిగేది దీనికి అదనం. అంత పల్చటి బిరడా ఇంక నిలవదు, ఎండకి ఎండి ఒకరోజు ఊడిపోతుంది, స్క్రూ తల బయటపడుతుంది, ఆ స్క్రూ వెంబడి నీళ్ళు నేరుగా కిందకి దిగుతాయి. చాలా ఫైబర్‌గ్లాస్ పడవల డెక్ లోపల బాల్సా అనే తేలికపాటి చెక్క పొర ఉంటుంది, దానికి తడి తగిలితే లోపల్లోపలే కుళ్ళిపోతుంది, నడుస్తుంటే కాలి కింద డెక్ మెత్తగా దిగబడుతున్నట్టు అనిపించేదాకా మనకి తెలియను కూడా తెలియదు. పైన బంగారు రంగు కోసం చేసిన పని కింద డెక్‌ని తినేసిందన్నమాట.

ప్రెషర్ వాషర్ గురించి ఇంకా గట్టిగా చెప్పాలి. పడవ తీసుకున్న మొదటి ఏడాది నేను చేసిన పని అదే. అద్దెకి తెచ్చి ఒక మధ్యాహ్నం అంతా కొట్టా, ఆ రోజు డెక్ ధగధగా మెరిసిపోయింది, అందరికీ పిలిచి చూపించా. మర్నాడు ఆరాక అరచేత్తో రాస్తే దువ్వెన మీద చెయ్యి పెట్టినట్టు ఉంది. టేకులో ప్రతి ఏటి పెరుగుదలకీ ఒక మెత్తని చార ఒక గట్టి చార ఉంటాయి, నీళ్ళ ఒత్తిడికి మెత్తని చార మొత్తం లేచిపోయి గట్టి చారలు గట్లు గట్లుగా నిలబడ్డాయి. ఆ గట్ల మధ్య మట్టి, పాచి, బూజు చేరి నెల తిరక్కుండా ముందుకన్నా నల్లబడింది. దాన్ని చదును చెయ్యాలంటే సాండింగ్ తప్పలేదు, ఆ ఒక్కసారికే ఒక మిల్లీమీటరు పైన పోయింది, తర్వాతి రెండేళ్ళలో ఊడిన బిరడాలు లెక్కపెడితే అరవై పైనే. అంత చెక్క ఒక్క మధ్యాహ్నంలో పోగొట్టానని ఇప్పటికీ బాధగానే ఉంటుంది. గట్టి బ్రష్షుతో నార వెంబడి, అంటే చెక్క పోగులు సాగే దిక్కున, రుద్దినా నెమ్మదిగా జరిగేది ఇదే.

మరి కడగడం ఎలా అంటే, సముద్రం నీళ్ళు, మెత్తని బ్రష్షు, నారకి అడ్డంగా తేలిగ్గా రుద్దడం. అంతే. ఉప్పునీళ్ళు మంచివే, బూజుని ఎదగనివ్వవు, ఉప్పు కొంచెం తేమని పట్టి ఉంచుతుంది కాబట్టి పలకలు మరీ ఎండిపోయి సందులు తెరుచుకోవు. నీడ పడే మూలల్లో ఆకుపచ్చ పాచి పట్టినా, నల్ల చుక్కలు కనిపించినా సోడియం పెర్‌కార్బొనేట్ పొడి, అదే ఆక్సిజన్ బ్లీచ్ అంటారు, గోరువెచ్చని నీళ్ళలో కలిపి పోసి కాసేపు ఉంచి కడిగితే చాలు. క్లోరిన్ బ్లీచ్ మాత్రం వద్దు, అది బూజుతో పాటు పోగుల్నీ తింటుంది. ఇనప మరకలు ఉంటాయి కదా, ఎక్కడో మేకో, స్టీల్ ఊల్ అనే ఇనప పీచు ముక్కో తుప్పు పట్టి చుట్టూ నల్లగా అయ్యేవి, వాటికి ఆక్సాలిక్ ఆసిడ్ బాగా పని చేస్తుంది, కానీ అది విషం, చేతులకి గ్లోవ్స్ కళ్ళకి అద్దాలు ఉండాలి, తర్వాత నీళ్ళు బాగా పోసి కడగాలి. ఈ మరకల వల్లే టేకు మీద స్టీల్ ఊల్ వాడనే వద్దు, తప్పదనుకుంటే కంచు ఊల్ దొరుకుతుంది. రెండు సీసాల క్లీనర్లు ఒకటి క్షారం ఒకటి ఆసిడ్ అని అమ్ముతారు, నిజంగానే గంటలో బంగారంలా చేస్తాయి, కానీ ఆ క్షారం మెత్తని చారని కరిగించే తీసుకుపోతుంది, పక్కనున్న అల్యూమినియాన్ని కొరుకుతుంది. నా మాట అడిగితే అవి పడవ జీవితంలో ఒకసారి, అదీ మరీ దిక్కులేనప్పుడు.

ఇంక అసలు విషయానికి వస్తా. ఆ ఆర్టికల్ మొత్తంలో పలకల మధ్య సందుల గురించి ఒక్క వాక్యం లేదు. నాకు అన్నిటికన్నా బాధ అనిపించింది అదే. డెక్ ప్రాణం రంగులో లేదు, నీళ్ళు దిగకుండా ఆ సందుల్లో నింపే నల్లటి రబ్బరు గీతల్లో ఉంది. వాటిని చూసుకున్నవాడి డెక్ ఎంత నెరిసినా నలభై ఏళ్ళు ఉంటుంది.

సందులు బాగున్నాయో లేదో తెలుసుకోవడానికి పైసా ఖర్చు లేని పద్ధతి ఉంది. పొద్దున్నే డెక్ అంతా నీళ్ళతో తడిపి పక్కన కూర్చోండి. ఎండ ఎక్కుతుంటే పలకలు ఒక్కొక్కటే ఆరి తెల్లబడుతూ వస్తాయి. రబ్బరు చెక్కని గట్టిగా పట్టుకున్న చోట అంచు దాకా ఒకేసారి ఆరిపోతుంది. ఊడిన చోట మాత్రం రబ్బరు పక్కనే సన్నగా, కాటుక గీసినట్టు, ఒక తడి గీత మిగిలిపోతుంది, మిగతా డెక్ అంతా ఆరిపోయాక కూడా అరగంట అలాగే ఉంటుంది, ఎందుకంటే సందులోకి దిగిన నీళ్ళు మెల్లగా పైకి ఊరుతుంటాయి. సుద్దముక్కతో ఆ గీతల పక్కన గుర్తు పెట్టుకోవాలి. బిరడాల చుట్టూ ఉంగరంలా తడి కనిపిస్తే అవీ గుర్తు పెట్టాలి. ఏడాదికి ఒకటి రెండుసార్లు ఇది చేస్తే చాలు, ఇంత చిన్న పని ఎందుకు చెప్పరో నాకు తెలియదు.

గుర్తు పెట్టిన సందులో పాత రబ్బరు మొత్తం తీసెయ్యాలి, పైన పైన పూస్తే మూడు నెలలు కూడా ఉండదు. రెండు పక్కలా కత్తితో కోసి, కొన వంచిన ఆకురాయితో మెల్లగా లాగితే పొడుగ్గా తాడులా వస్తుంది. గోడల మీద మిగిలిన జిడ్డంతా రుద్ది తీసి, అసిటోన్ గుడ్డతో తుడవాలి, టేకులోని సొంత నూనె వల్లే ఏదీ సరిగ్గా అతుక్కోదు కాబట్టి ఇది వదలకూడదు. ఆ తర్వాత ఎక్కువమంది మర్చిపోయేది, సందు అడుగున ఒక సన్నటి టేపు వెయ్యడం. కొత్త రబ్బరు రెండు పక్క గోడల్నే పట్టుకోవాలి, అడుగుని పట్టుకోకూడదు. చెక్క తడికి ఉబ్బి ఎండకి తగ్గుతూ ఉంటుంది కదా, అడుగున కూడా అతుక్కుపోతే రబ్బరు సాగడానికి వీలుండదు, ఏదో ఒక పక్క చీరుకుపోతుంది. తర్వాత కొత్త రబ్బరుగా నింపే పాలీసల్ఫైడ్ సీలెంట్‌కి తగ్గ ప్రైమర్ పూసి, ఆరాక ఆ సీలెంట్ ట్యూబు ముక్కుని అడుగుదాకా పెట్టి గాలి బుడగలు రాకుండా నిదానంగా నింపుతూ, పైకి కొంచెం పొంగేలా వదిలి, గట్టిపడేదాకా రోజుల తరబడి ముట్టుకోకుండా ఉండి, అప్పుడు పదునైన ఉలితో పైన పొంగింది కోసెయ్యాలి. ఇంట్లో వాడే సిలికాన్ మాత్రం దగ్గరికి రానివ్వకండి, ఒకసారి అది తగిలిన చెక్క మీద తర్వాత వార్నిష్ గానీ సీలెంట్ గానీ ఏదీ పట్టదు.

బిరడాల పని నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని. పాతదాన్ని తీసేసి, గుంటలో తడి ఆరనిచ్చి, స్క్రూ బిగుసుగా ఉందో లేదో చూసుకుని, గుంట మరీ పైపైనే ఉంటే కొంచెం లోతు చేసి స్క్రూని కిందకి దించాలి. కొత్త బిరడాని వార్నిష్‌లో ముంచి, దాని నార పలక నారతో ఒకే దిక్కున ఉండేలా తిప్పి, చెక్క సుత్తితో రెండు దెబ్బలు. ఎపాక్సీ జిగురు కూడా వాడతారు గానీ మళ్ళీ ఎప్పుడైనా తియ్యాల్సి వస్తే చెక్క చీల్చుకుని వస్తుంది, అందుకే నేను వార్నిష్‌తోనే పెడతా. ఆరాక వెంటనే డెక్ మట్టానికి కోసెయ్యాలని చెయ్యి లాగుతుంది, ఆగాలి. ముందు మూడు మిల్లీమీటర్లు పైనే ఉలి పెట్టి ఒక చిన్న దెబ్బ కొట్టి ఆ ముక్క ఎటు చీలిందో చూడాలి. చీలిక కిందకి దిగుతుంటే ఆ పక్కనుంచి కొయ్యకూడదు, కోస్తే బిరడా డెక్ మట్టం కన్నా లోతుకి చీలిపోయి అక్కడే గుంట పడి నీళ్ళు నిలుస్తాయి. ఎదుటి పక్కకి వెళ్ళి పల్చటి పొరలు పొరలుగా దించుకుంటూ వస్తే ఆఖరి పొర తియ్యగానే వేలితో రాసినా ఎక్కడ పలకో ఎక్కడ బిరడానో తెలియనంత సాపుగా కలిసిపోతుంది, మర్నాటికి ఎండ తగిలి అదీ నెరవడం మొదలెడుతుంది.

నూనె సంగతి. నూనె పట్టిస్తే టేకుకి బలం వస్తుందనేది చాలామంది నమ్మకం, తప్పు పట్టడం లేదు, తడి చెక్కలా ముదురు రంగు తేలగానే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. కానీ పైన పూసిన నూనె ఎండకి కొన్ని వారాల్లో పాడైపోతుంది, మిగిలినది జిడ్డుగా మారి దుమ్ముని పట్టుకుని నల్లబడుతుంది, అవిసె నూనె అయితే బూజుకి మేత కూడా అవుతుంది, అప్పుడు ఆ నలుపు పోగొట్టడానికి మళ్ళీ గట్టిగా రుద్దడం, మళ్ళీ నూనె, ఈ చక్రంలో అరిగేది చెక్కే. క్యాబిన్ లోపల ఎండ తగలని టేకుకి నూనె బాగానే ఉంటుంది, వద్దనను. బయట మెరుపు కావాలనుకునేవాళ్ళకి రెయిలింగులు, తలుపు చట్రాలు లాంటి కాలు పెట్టని చోట్ల వార్నిష్ వేసుకోవచ్చు, అది వేరే అందం. అసిటోన్‌తో తుడిచి, మొదటి కోటు పల్చగా చేసి చెక్కలోకి ఇంకనిచ్చి, ఆ పైన కోటుకి కోటుకి మధ్య 220, ఆఖర్లో 320 నంబరు గరుకు కాగితంతో తేలిగ్గా రాసి, మొత్తం ఆరేడు కోట్లు వేస్తేనే ఎండకి ఆగుతుంది. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు, సాయంత్రం మంచు పడే వేళ వెయ్యకూడదు. ఎక్కడైనా దెబ్బ తగిలి పొర చిట్లితే ఆ వారంలోనే ఒక చుక్క వేసి మూసెయ్యాలి, నీళ్ళు కిందకి పాకి తెల్లమచ్చ వచ్చిందంటే ఇంక అంతవరకు గీకి మళ్ళీ మొదటినుంచి. నడిచే డెక్ మీద మాత్రం వార్నిష్ వద్దు, తడిస్తే కాలు జారుతుంది, అది ప్రాణాల మీదకి వచ్చే విషయం.

తప్పనిసరిగా సాండింగ్ చెయ్యాల్సి వచ్చినా, గట్లు తేలిన చోట చెయ్యాలి కదా, మంచి మాస్క్ వేసుకుని చెయ్యండి. టేకు పొడి కొంతమందికి ఒంటి మీద దద్దుర్లు తెస్తుంది, ఊపిరికీ మంచిది కాదు. ఇదీ ఆర్టికల్‌లో రాలేదు.

నేను ఇంత పట్టుపట్టి రాయడానికి ఇంకో కారణం ఉంది. పాత పడవల మీద ఉన్నది అడవిలో దశాబ్దాల తరబడి పెరిగి చేవ దేరిన టేకు. అలాంటిది ఇప్పుడు దొరకడం కష్టం. థాయిలాండ్ 1989లోనే అడవుల్లో నరకడం ఆపేసింది, మయన్మార్ 2014లో దుంగల ఎగుమతి ఆపేసింది, 2021 తర్వాత అక్కడి టేకు మీద అమెరికా, యూరప్ ఆంక్షలు కూడా వచ్చాయి. తోటల్లో ఇరవై పాతికేళ్ళకే కొట్టే టేకు ఉంది, పనికిరాదని కాదు, కానీ అందులో లేత చెక్క భాగం ఎక్కువ, ఎండకీ నీటికీ అంత కాలం నిలవదు. అంటే ఇవాళ మెషిన్ కింద పొడైపోతున్న ప్రతి మిల్లీమీటరూ మళ్ళీ తెచ్చుకోలేనిది. ఆ చెట్టు కొట్టినవాళ్ళు, కోసినవాళ్ళు, బిగించినవాళ్ళు చాలామంది ఇప్పుడు లేరు కూడా, వాళ్ళ పని మన చేతుల్లో ఉంది.

ఎండలో పడవ నిలిపి ఉంచేటప్పుడు మందపాటి కాన్వాస్ కప్పు వేస్తే పైన చెప్పినవాటిలో సగం పని తగ్గిపోతుంది, అది కూడా చెప్పి ఉంటే బాగుండేది.

చివరిగా ఒక్క విన్నపం, ఈ ఉత్తరంలో మిగతాది వేసినా వెయ్యకపోయినా ఇదొక్కటి మాత్రం వచ్చే ఆదివారమే వెయ్యండి. ఆర్టికల్‌లో అవిసె నూనె గుడ్డతో పట్టించి, పని అయ్యాక గుడ్డలు ఒక డబ్బాలో పెట్టుకోమని రాశారు. దయచేసి ఎవరూ అలా చెయ్యొద్దు. అవిసె నూనె ఆరేటప్పుడు గాలిలో ఆక్సిజన్‌తో కలిసి వేడి పుడుతుంది, గుడ్డలు ఉండ చుట్టి కుప్పగా పెడితే ఆ వేడి బయటకి పోలేక లోపలే పెరిగి అగ్గిపుల్ల లేకుండానే కొన్ని గంటల్లో అంటుకోవచ్చు, అదీ పడవ క్యాబిన్‌లో, రాత్రి మనుషులు పడుకునే చోట. గుడ్డల్ని విడివిడిగా బయట పరిచి పూర్తిగా ఆరనివ్వాలి, లేదా నీళ్ళలో ముంచి మూత ఉన్న ఇనప డబ్బాలో పెట్టి బయటకి చేర్చాలి. మీ ఆర్టికల్ చదివి ఇప్పటికే నూనె పట్టించినవాళ్ళు ఉంటే, ఆ గుడ్డలు ఎక్కడ పెట్టారో వెంటనే చూసుకోమని చెప్పండి.

ఇట్లు,
మీ పాఠకుడు